పాత బుల్లెట్ ఇంజిన్‌ను ఇంట్లోనే విప్పి బిగించడం: కాస్ట్ ఐరన్ 350కి సమగ్ర మార్గదర్శి

"నాన్న నడిపిన బుల్లెట్ షెడ్డులో పడి ఉంది. ఇంజిన్ నేనే చేసుకోవచ్చా?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళు రోజురోజుకూ పెరుగుతున్నారు. చేసుకోవచ్చు. అయితే మూడు పనులు మాత్రం ఇంట్లో కుదరవు: బోరింగ్ (అరిగిన సిలిండర్‌ను పెద్ద సైజుకి కోయడం), క్రాంక్ పని, వాల్వ్ సీట్లు కోయడం. ఇవి లేతు షాపుకి వెళ్ళాల్సిందే. విప్పడం, కడగడం, కొలవడం, బిగించడం మీ చేతిలో పని.

ఇంట్లో చేసిన ఇంజిన్లు మళ్ళీ పాడైతే, ఎక్కువ సార్లు కారణం బిగింపు కాదు. లేతు నుంచి వచ్చిన ముక్కను కొలవకుండా అలాగే ఎక్కించేయడం. అందుకే ఇందులో కొలతల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఇదంతా కాస్ట్ ఐరన్ బోరు (సిలిండర్) ఉన్న 346 సి.సి. ఇంజిన్ గురించి. బోరు 70 మి.మీ., స్ట్రోక్ 90 మి.మీ., కుడివైపు గేరు, ప్లాటినం పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెంచే స్విచ్చు). ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండే తర్వాతి బుల్లెట్లకు ఈ వరస పనికిరాదు.

## 1. విప్పే ముందు: నిజంగా విప్పాల్సిన అవసరం ఉందా?

పొగ వచ్చిందని వెంటనే ఫుల్ ఇంజిన్ అనుకోకండి. ఒక ఆదివారం పొద్దున ఈ పరీక్షలు చేయండి.

- పొగ ఎప్పుడు వస్తోంది? రేస్ ఇచ్చినప్పుడు నీలి పొగ ఆగకుండా వస్తే రింగులు, బోరు. రేస్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు ఒక్క గుప్పెడు వచ్చి ఆగితే వాల్వ్ గైడ్లు.
- కిక్ పరీక్ష. కిక్ తేలిగ్గా దిగిపోతుంటే ప్లగ్ తీసి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ లోపల పోయండి. ప్లగ్ బిగించి మళ్ళీ కిక్ నొక్కండి. ఇప్పుడు గట్టిగా ఆనితే రింగుల అరుగుదల. తేడా లేకపోతే వాల్వులు లీకవుతున్నాయి, లేదా డీకంప్రెసర్ (కిక్ తేలిక కావడానికి ఒత్తిడి వదిలే చిన్న వాల్వ్) సరిగా మూసుకోవడం లేదు. ముందు డీకంప్రెసర్ కేబుల్ చూడండి. అది బిగుసుకుని ఉన్నా ఇదే లక్షణం.
- శబ్దం. చల్లగా ఉన్నప్పుడు టకటకమని, వేడెక్కాక తగ్గితే పిస్టన్ వదులు. ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి నుంచి బరువుగా దబదబమంటే బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టే చివర). రెండోది వినిపిస్తే ఇక బండి నడపకండి.
- ఆయిల్ తిరుగుతోందా? ఇంజిన్ నడుస్తుండగా హెడ్ మీద రాకర్లకు (వాల్వులను నొక్కే మీటలు) వెళ్ళే ఆయిల్ పైపు బోల్టు కాస్త వదులు చేయండి. ఆయిల్ చెమర్చాలి. పొడిగా ఉంటే వెంటనే ఆపండి.

చాలా రోజులు నిలబెట్టిన బుల్లెట్‌లో ఆయిల్ పంపు గుండా మెల్లగా దిగి క్రాంక్ దగ్గర చేరుతుంది. డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ లేనట్టే కనిపిస్తుంది. అది చూసి పైన ఇంకో లీటరు పోస్తే స్టార్ట్ చేయగానే తెల్లటి, నీలి పొగ వీధంతా నిండుతుంది. దాన్ని చూసి రింగులు పోయాయని ఇంజిన్ విప్పినవాళ్ళు ఉన్నారు. డ్రైన్ ప్లగ్గులన్నీ తీసి, పాత ఆయిల్ పూర్తిగా దించి, కొత్తది కొలిచి పోసి, అప్పుడు మళ్ళీ పొగ చూడండి.

## 2. చోటు, పనిముట్లు, కాగితాలు

గాలి, దుమ్ము రాని గది కావాలి. వరండాలో అయితే ఒక మూలకు గట్టి బల్ల, పైన తెల్లటి పాత దుప్పటి. తెల్లది ఎందుకంటే చిన్న బాలు, సర్‌క్లిప్ (పిన్ను జారకుండా ఆపే స్ప్రింగు రింగు) పడితే కనిపిస్తుంది.

కావాల్సినవి:

- విట్‌వర్త్ పానాలు, బాక్స్ పానాలు ఒక సెట్టు
- ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్
- టైమింగ్ పినియన్ పుల్లర్, క్లచ్ పుల్లర్
- ఫిల్లర్ గేజ్ (సన్న ఖాళీలు కొలిచే రేకుల కట్ట), వెర్నియర్, డయల్ గేజ్ (సన్న కదలికలు ముల్లుతో చూపేది)
- వాల్వ్ స్ప్రింగ్ నొక్కే క్లాంపు, వాల్వ్ గ్రైండింగ్ పేస్టు
- టార్క్ రెంచ్
- జిప్ కవర్లు, మార్కర్, ఫోటోలకు ఫోన్

విట్‌వర్త్ పానాల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. ఈ ఇంజిన్‌లో చాలా నట్లు పాత బ్రిటిష్ కొలతవి. 14 నంబరు పానా పట్టినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే మూలలు గుండ్రమైపోతాయి. ఆ తర్వాత ఉలి, సుత్తి తప్ప దారి ఉండదు.

స్పేర్లకు హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ తిరగండి. బేరింగులు, పనిముట్లకు రాణిగంజ్. దొరకనివి ఢిల్లీ కరోల్ బాగ్ నుంచి తెప్పించుకోవచ్చు. బేరింగులు మాత్రం పేరున్న కంపెనీవే, సీలు ఉన్న డబ్బాలోనే కొనండి. నంబరు చెక్కిన నకిలీ బేరింగ్ వేస్తే చేసిన పనంతా వృథా.

ఇంకో మాట. ఇంజిన్ నంబరు క్రాంక్‌కేస్ మీదే ఉంటుంది. కేసు పగిలిందని వేరే కేసు కొంటే ఆర్‌సీలో నంబరు మారాలి, అంటే ఆర్‌టీఓ పని. వీలైతే పాత కేసునే వెల్డింగ్ చేయించి నిలబెట్టండి. మీ బండికి 50 ఏళ్ళు దాటి, 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద రిజిస్టర్ చేయించాలనే ఆలోచన ఉంటే, ఇంజిన్‌ను అసలు రూపంలోనే ఉంచుకోవడం ఇంకా ముఖ్యం.

## 3. విప్పే వరస

ఇక్కడ వరస తప్పితే సగం రోజు పోతుంది. కొన్ని నట్లు ఇంజిన్ ఫ్రేములో ఉండగానే వదులు చేయాలి. బల్ల మీదకు వచ్చాక దాన్ని పట్టుకునేది ఏదీ ఉండదు.

1. ఇంజిన్ వేడిగా ఉండగా ఆయిల్ దించండి. అడుగున చేరిన మురికి దానితోపాటే వస్తుంది.
2. బ్యాటరీ తీసేయండి. ట్యాంకు, కార్బొరేటర్, సైలెన్సర్, కేబుళ్ళు తీయండి.
3. ఎడమవైపు ప్రైమరీ కవరు తీయండి. మధ్యలో ఉన్న పెద్ద నట్టుతోనే అది నిలబడి ఉంటుంది. కింద ట్రే పెట్టండి.
4. టాప్ గేరు వేసి, వెనక బ్రేకు ఒకరిని గట్టిగా తొక్కి పట్టమనండి. ఇప్పుడు ఆల్టర్నేటర్ రోటర్ నట్టు, ఇంజిన్ స్ప్రాకెట్, క్లచ్ మధ్య నట్టు వదులు చేయండి.
5. అదే పట్టులో కుడివైపు టైమింగ్ కవరు తీసి, పంపులను తిప్పే వర్మ్ నట్టు వదులు చేయండి. ఇది ఎడమ మర. గడియారం తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మామూలు నట్టు అనుకుని పైపు వేసి లాగితే క్రాంక్ చివర మరలే తెగిపోతాయి.
6. గేర్లు కదిలించే ముందు వాటి మీది చుక్కలు, గీతలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా క్రాంక్ తిప్పి దగ్గరి నుంచి ఫోటో తీయండి.
7. రాకర్ కవర్లు, రాకర్లు తీయండి. రాకర్‌ను పట్టుకునే దిమ్మెలు పైదీ కిందదీ జతగా తయారైనవి. ఇన్‌లెట్ జతను ఎగ్జాస్ట్ జతతో కలపకండి. విడివిడి కవర్లలో పేరు రాసి పెట్టండి. పుష్ రాడ్లు (టాపెట్ల నుంచి రాకర్లను తోసే కడ్డీలు) కూడా అంతే.
8. హెడ్ నట్లు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా వదులు చేయండి. ఒకే వైపు పూర్తిగా విప్పితే హెడ్ వంగుతుంది.
9. బోరు ఎత్తే ముందు టాపెట్ గది చిన్న మూత తీసి లోపల చూడండి. అక్కడ బోరును పట్టి ఉంచే నట్టు ఒకటి దాక్కుని ఉంటుంది. దాన్ని మరిచి బోరును సుత్తితో కొట్టి ఫిన్నులు విరగ్గొట్టుకున్నవాళ్ళు చాలామంది.
10. బోరు కొంచెం లేవగానే క్రాంక్‌కేస్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. సర్‌క్లిప్ జారితే గుడ్డలోనే పడుతుంది.

ఈ బండిలో ఇంజిన్ కూడా ఫ్రేములో ఒక భాగంలా బరువు మోస్తుంది. అందుకని ఇంజిన్ దించే ముందు ఫ్రేము కింద రెండు చోట్ల చెక్క దిమ్మెలు పెట్టండి. గేర్‌బాక్స్ విడిగా ఇంజిన్ వెనక బిగించి ఉంటుంది, దాన్ని ఫ్రేములోనే వదిలేయవచ్చు. దించడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒక్కరే ప్రయత్నించకండి.

## 4. కడగడం

కిరోసిన్ లేదా డీజిల్, నైలాన్ బ్రష్, చివరగా సబ్బు నీళ్ళు, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టడం. కాస్ట్ ఐరన్ బోరును కడిగాక నిమిషం కూడా తడిగా ఉంచకండి, తుప్పు కళ్ళముందే ఎక్కుతుంది. గుడ్డతో ఆయిల్ పట్టించండి.

అసలు పని ఆయిల్ దారుల్లో ఉంది. క్రాంక్‌కేస్, టైమింగ్ కవరు, రాకర్ దిమ్మెలు, వీటిలోని ప్రతి రంధ్రంలోకి గాలి కొట్టి, రెండో చివర నుంచి వస్తోందో లేదో వేలితో చూడండి. వెనకటి మెకానిక్ పూసిన గ్యాస్కెట్ గమ్ము ముక్కలు అక్కడే ఇరుక్కుని ఉంటాయి.

బ్రీదర్ పైపును (క్రాంక్‌కేస్ లోపలి గాలి బయటకు పోయే గొట్టం) ఊది చూడండి. మూసుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను ప్రతి జాయింటు నుంచీ బయటకు తోస్తుంది.

## 5. కొలవడం

పెన్ను, పుస్తకం పక్కన పెట్టుకోండి. ప్రతి అంకె రాయండి.

బోరు. పైన, మధ్యన, కింద మూడు ఎత్తుల్లో, ముందు-వెనక ఒకసారి, కుడి-ఎడమ ఒకసారి, మొత్తం ఆరు కొలతలు. ఎక్కువ అరుగుదల పైన, రింగు ఆగే చోటు కింద ఉంటుంది. బోర్ గేజ్ లేకపోతే కొత్త రింగును పైన ఒకసారి, కింద ఒకసారి బోరులో పెట్టి గ్యాప్ కొలవండి. రెండు గ్యాపుల తేడాను 3.14తో భాగిస్తే బోరు వ్యాసంలో తేడా వస్తుంది. ఉదాహరణకు పైన 0.80, కింద 0.35 వస్తే తేడా 0.45, అంటే బోరు సుమారు 0.14 మి.మీ. అరిగింది. నా లెక్క ప్రకారం 0.15 దగ్గరికి వస్తే బోరింగే. ఉత్త రింగులు మార్చితే మూడు నెలల ముచ్చటే.

కనెక్టింగ్ రాడ్. పిస్టన్ పైన ఉండే స్థానంలో రాడ్‌ను రెండు చేతులతో పట్టి నిట్టనిలువుగా పైకీ కిందకీ లాగండి. చేతికి టిక్‌మని ఏ కొంచెం తగిలినా బిగ్ ఎండ్ పోయినట్టే. పక్కలకు కొంచెం ఊగడం మామూలే, దానికి భయపడకండి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని మంచి క్రాంక్‌ను విప్పిస్తారు.

వాల్వులు. వాల్వ్‌ను సీటు నుంచి సుమారు 10 మి.మీ. పైకెత్తి తల దగ్గర అటూఇటూ కదపండి. బాగా ఊగితే గైడ్ మార్చాలి.

ఆయిల్ పంపులు. పంపు ముఖాలు అద్దం మీద పెట్టిన సన్నటి పేస్టుతో ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది చూడండి. ముఖం అంతా ఒకే మెరుపు రావాలి. గీతలు మిగిలి ఉంటే ఇంకా రుద్దండి. తర్వాత పేస్టు ఆనవాలు కూడా లేకుండా కడగాలి.

క్రాంక్ బేరింగులు. ఇంజిన్ ఇంతదాకా విప్పాక వీటిని మార్చేయడమే నా సలహా. కడిగి, ఆయిల్ లేకుండా వేలితో తిప్పితే గరగరమంటే ఇక ఆలోచించక్కర్లేదు.

## 6. లేతు షాపుకి ఇచ్చే మూడు పనులు, తిరిగి తీసుకునేటప్పుడు చూడాల్సినవి

బోరింగ్. పిస్టన్ ముందు కొనండి, తర్వాత బోరు ఇవ్వండి. పిస్టన్ ఒక్కోటీ ఒక్కో తీరు. "50 సైజుకి కొట్టేయండి మేస్త్రీ, పిస్టన్ తర్వాత తెస్తా" అనకండి. మంచి మేస్త్రీ అయితే "ముందు పిస్టన్ తీసుకురండి సార్" అనే అంటాడు. వదులు ఎంత ఉండాలో పిస్టన్ డబ్బా మీద రాసి ఉంటే అదే పాటించండి. లేకపోతే పిస్టన్ స్కర్టు కింది భాగం దగ్గర 0.08 మి.మీ.కి తగ్గొద్దని చెప్పండి. మేస్త్రీల భాషలో మూడు థౌకి (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పైన. గాలితో చల్లబడే ఇంజిన్, మే నెలలో మన ఎండ, బిగువుగా చేస్తే పిస్టన్ పట్టేస్తుంది.

తిరిగి తెచ్చుకునేటప్పుడు: బోరు గోడల మీద అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నటి గీతలు కనిపించాలి. అద్దంలా నున్నగా ఉంటే హోనింగ్ (రాయితో ఈ గీతలు వేయడం) చేయలేదు, వెనక్కి ఇవ్వండి. పిస్టన్ రింగులు లేకుండా బోరులో పెట్టి ఫిల్లర్ గేజ్‌తో అక్కడే కొలవండి. మొహమాటపడకండి.

క్రాంక్. ఈ ఇంజిన్ బిగ్ ఎండ్‌లో అసలు ఉండేది రోలర్ బేరింగ్ కాదు, తేలే బుష్ (పిన్నుకీ రాడ్‌కీ మధ్య, రెండిటికీ బిగించకుండా తిరిగే గొట్టం). బుష్, పిన్ను, రాడ్ ఒకదానికొకటి సరిపడాలి. జత చేశాక రాడ్‌ను నిలబెట్టి వదిలితే తన బరువుతో మెల్లగా ఒరగాలి. ఎక్కడైనా ఆగితే బిగువు. ఆ తర్వాత క్రాంక్‌ను సెంటర్ల మీద పెట్టి డయల్ గేజ్ ఆనించి తిప్పాలి. రెండు వైపులా షాఫ్టు ఊగు 0.05 మి.మీ. దాటకూడదు. ఈ కొలత మీ కళ్ళముందే చేసి చూపించమనండి. "కంటితో చూశాం, బాగుంది" అంటే ఆ షాపు వద్దు. కంటికి ఇంత సన్నటి తేడా తెలియదు.

వాల్వ్ సీట్లు. ముందు గైడ్లు, తర్వాత సీట్లు. వరస తిరగేస్తే సీటు నడిమధ్యకు రాదు. సీటు వెడల్పు 1 నుంచి 1.5 మి.మీ. మధ్య, అంతటా సమంగా ఉండాలి. ఇంటికి తెచ్చాక సన్న పేస్టుతో చేత్తో రుద్ది, వాల్వులు స్ప్రింగులతో బిగించి, పోర్టుల్లో పెట్రోలు పోయండి. అయిదు నిమిషాల్లో చుక్క కూడా ఇవతలకి రాకూడదు. ఈ పరీక్ష బయట, పొయ్యి, సిగరెట్టు ఏవీ దగ్గరలో లేకుండా చేయండి.

## 7. కింది భాగం బిగింపు

బేరింగులను సుత్తితో కొట్టి ఎక్కించకండి. ముందు రోజు రాత్రి బేరింగులను కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కేసును ఎలక్ట్రిక్ స్టవ్ మీద అన్ని వైపులా సమంగా వేడి చేయండి. ఒక నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోయేంత వేడి చాలు. చల్లటి బేరింగ్ దానంతటదే జారి కూర్చుంటుంది. డ్రైవ్ వైపు (ఎడమ) రెండు, టైమింగ్ వైపు (కుడి) ఒకటి.

క్రాంక్‌ను ఒక కేసులో కూర్చోబెట్టి, ప్రతి బేరింగ్‌కూ, బిగ్ ఎండ్‌కూ ఆయిల్ పోసి, రెండో కేసు దించండి. కేసుల అంచులకు గమ్ము కాగితం మందాన, వేలితో రాసి తుడిచినట్టు ఉండాలి. బయటకు ఉబికి వచ్చినంత లోపలికీ ఉబుకుతుంది. అదే ముక్కలై పంపు దారిలో చేరుతుంది.

బోల్టులు మధ్య నుంచి బయటకు, మూడు విడతల్లో బిగించండి. ప్రతి విడత తర్వాత క్రాంక్‌ను వేళ్ళతో తిప్పండి. మొదటి విడతలో తేలిగ్గా తిరిగి, చివరి విడతలో బిగుసుకుంటే ఆగండి, మళ్ళీ విప్పండి. "నడిస్తే సర్దుకుంటుంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

## 8. టైమింగ్ వైపు: ఒక చిన్న కార్క్ సీలు

గేర్లను ఫోటో చూసుకుంటూ చుక్కకు చుక్క, గీతకు గీత కలిపి ఎక్కించండి. క్రాంక్ రెండు చుట్లు తిప్పి అన్నీ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో చూడండి.   

ఇప్పుడు ఈ ఇంజిన్ ప్రాణం ఉన్న చోటుకి వచ్చాం. ఆయిల్ టైమింగ్ కవరు నుంచి క్రాంక్ చివరి రంధ్రంలోకి వెళ్ళి, అక్కడి నుంచి బిగ్ ఎండ్‌కి చేరుతుంది. కవరుకీ క్రాంక్‌కీ మధ్య ఆ ఆయిల్‌ను బయటకు పోనీకుండా ఆపేది ఒక చిన్న కార్క్ సీలు. ఖరీదు లెక్కలోకి రానంత.

నేను చేసిన మొదటి ఇంజిన్‌కి అన్నీ కొత్తవి వేశాను. ఈ సీలు మాత్రం పాతది బాగానే ఉందనిపించి అలాగే ఉంచాను. 180 కి.మీ. దగ్గర బిగ్ ఎండ్ పట్టేసింది. రాకర్లకు ఆయిల్ వస్తూనే ఉంది, అందుకే నాకు అనుమానం రాలేదు. బిగ్ ఎండ్‌కి మాత్రం చేరడం లేదు. మళ్ళీ మొత్తం విప్పి, రాడ్, పిన్ను కొనాల్సి వచ్చింది. అప్పటి నుంచి టైమింగ్ కవరు ఎప్పుడు తీసినా, కొత్త సీలు చేతిలో లేకుండా మళ్ళీ మూయలేదు.

కవరు మూసే ముందు చెక్ చేయాల్సినవి:

- కొత్త కార్క్ సీలు, ఆయిల్‌లో నానబెట్టినది, తన గూట్లో నిటారుగా
- వర్మ్ నట్టు ఎడమ మర వైపే బిగించారా
- పంపు స్ప్రింగులు, డిస్కులు తమ చోట
- పంపు గదులు, ఫిల్టర్ గది నిండా ఆయిల్ పోశారా
- కొత్త ఫెల్ట్ ఫిల్టర్
- గ్యాస్కెట్ ఆయిల్ రంధ్రాలను మూయడం లేదు కదా

చివరిది బజారు గ్యాస్కెట్ సెట్లలో తరచూ తేడా వస్తుంది. గ్యాస్కెట్‌ను కవరు మీద పరిచి ప్రతి రంధ్రం గుండా అగ్గిపుల్ల దూర్చి చూడండి.

## 9. పిస్టన్, రింగులు, బోరు

రింగును బోరులోకి దించి, పిస్టన్ తలతో 25 మి.మీ. లోపలికి సమంగా తోసి గ్యాప్ కొలవండి. ఈ 70 మి.మీ. బోరుకి సుమారు 0.30 మి.మీ. మంచిది. 0.25 కంటే తక్కువైతే సన్న ఆకురాయితో చివరను రాయండి. కొత్త రింగుకే అర మిల్లీమీటరు దాటితే అది మీ సైజు రింగు కాదు.

గజన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్‌కి కలిపేది) ఆయిల్ రాసి బొటనవేలితో నొక్కితే దిగాలి. సర్‌క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే. గూట్లో కూర్చున్నాక స్క్రూడ్రైవర్ మొనతో చుట్టూ తిప్పి చూడండి. సరిగా కూర్చోని సర్‌క్లిప్ బోరును పై నుంచి కిందకి గీరేస్తుంది.

రింగుల గ్యాపులు ఒకే వరసలో ఉండకూడదు, చుట్టూ సమానంగా పంచండి. గుర్తు ఉన్న ముఖం పైకి. పిస్టన్ కింద రెండు చెక్క పట్టీలు ఆనించి, రింగులను వేళ్ళతో నొక్కుతూ బోరు మెల్లగా దించండి. ఎక్కడైనా ఆనితే బలం పెట్టకండి, రింగు ఇరుక్కుంది. టాపెట్ గదిలోని ఆ దాక్కున్న నట్టు బిగించడం గుర్తుంచుకోండి.

## 10. పాయింట్ల టైమింగ్ ఇప్పుడే పెట్టండి

ఈ ఇంజిన్‌లో ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది. హెడ్ బిగించాక దానిలో పుల్ల పెట్టి పిస్టన్ ఎత్తు కొలిస్తే తప్పు వస్తుంది. హెడ్ లేనప్పుడు పిస్టన్ తల ఎదురుగా కనిపిస్తుంది, డయల్ గేజ్ నేరుగా పెట్టొచ్చు.

1. పాయింట్ల గ్యాప్ ముందు పెట్టండి: 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, అందుకే ఇది మొదట.
2. కంప్రెషన్ స్ట్రోకులో, అంటే రెండు టాపెట్లూ కిందే ఉన్నప్పుడు, పిస్టన్‌ను పూర్తిగా పైకి తెచ్చి గేజ్ సున్నా చేయండి.
3. క్రాంక్‌ను వెనక్కి కొంచెం ఎక్కువ తిప్పి, మళ్ళీ ముందుకు తెస్తూ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు ఆపండి. ఇలా చేస్తే గేర్ల వదులు లెక్కలోకి రాదు.
4. ఆటో అడ్వాన్స్ బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేవి) మూసుకుని ఉండగా, సరిగ్గా ఇక్కడే పాయింట్లు విడివడాలి. చిన్న బల్బు, బ్యాటరీ కలిపి చూడండి, లేదా పాయింట్ల మధ్య పలచని కాగితం పెట్టి మెల్లగా లాగండి. కాగితం వదులయ్యే క్షణమే అది.
5. తేడా ఉంటే ప్లేటు కొద్దిగా తిప్పి, బిగించి, మళ్ళీ మొదటి నుంచి చూడండి.

## 11. హెడ్, టాపెట్లు

హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి. రాకర్ దిమ్మెలు వాటి జతతోనే. బిగించాక రాకర్ చేత్తో స్వేచ్ఛగా ఊగాలి.

టాపెట్లు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైన ఉండగా పెట్టండి. దీనికి ఫిల్లర్ గేజ్ అక్కర్లేదు. పుష్ రాడ్ వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం కదలకూడదు. లాక్ నట్టు బిగించేటప్పుడు సర్దుబాటు జరుగుతుంది, కాబట్టి బిగించాక మళ్ళీ తిప్పి చూడండి. బిగువుగా పెట్టిన ఎగ్జాస్ట్ టాపెట్ వాల్వ్‌ను కాల్చేస్తుంది.

ఎడమవైపు ఆల్టర్నేటర్ రోటర్ చుట్టూ 0.2 మి.మీ. ఖాళీ ఫిల్లర్ గేజ్‌తో చూడండి. ప్రైమరీ చైన్ అతి బిగువుగా ఉన్న చోట సుమారు 6 మి.మీ. ఆడాలి.

## 12. మొదటి స్టార్ట్

టెన్షన్ పడే రోజు ఇదే. తొందరపడకండి.

- 20డబ్ల్యూ-50 ఆయిల్ గుర్తు వరకు
- ప్లగ్ తీసి, రాకర్ ఆయిల్ పైపు బోల్టు వదులు చేసి కిక్ కొడుతూ ఉండండి. 40 కిక్కులు పట్టినా సరే, ఆయిల్ చెమర్చేదాకా స్టార్ట్ చేయవద్దు
- ప్లగ్ గ్యాప్ 0.5 మి.మీ.
- పెట్రోలు లీకు లేదు, క్లచ్ కేబుల్ సరిగా ఉంది
- పక్కన మంటలార్పే సిలిండర్ లేదా ఇసుక బకెట్

స్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు, కొంచెం రేస్‌తో. మళ్ళీ ఒకసారి రాకర్ పైపు దగ్గర ఆయిల్ చూడండి. ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. మరుసటి రోజు పొద్దున హెడ్ నట్లు, టాపెట్లు తిరిగి చూడండి. పుష్ రాడ్లు బిగుసుకుని ఉంటాయి, అది మామూలే.

## 13. స్టార్ట్ అయ్యాక వచ్చే తిప్పలు

కిక్ వెనక్కి తంతోంది. టైమింగ్ ముందుకు జరిగింది, లేదా అడ్వాన్స్ బరువులు తెరుచుకునే ఇరుక్కున్నాయి. ముందు బరువుల స్ప్రింగులు చూడండి.

సైలెన్సర్‌లో టపటపమంటోంది. కార్బొరేటర్ జెట్లు మార్చే ముందు, సైలెన్సర్ పైపు హెడ్‌లో కలిసే చోట గాలి లాగుతోందేమో చూడండి.

ఐడ్లింగ్ నిలవడం లేదు. కార్బొరేటర్‌కీ హెడ్‌కీ మధ్య ప్యాకింగ్ దగ్గర కొంచెం ఆయిల్ రాయండి. ఐడ్లింగ్ మారితే గాలి అక్కడి నుంచే. ఫ్లాంజ్ వంగి ఉంటుంది, అద్దం మీద ఎమరీ కాగితం పరిచి సమం చేయండి.

కొత్త ఇంజిన్ ఆయిల్ కారుతోంది. ముందు బ్రీదర్. ఆ తర్వాతే గ్యాస్కెట్లు. కారిన చోట పైనుంచి గమ్ము పూయడం వల్ల ఒరిగేది లేదు.

కొంచెం నీలి పొగ. మొదటి 200 కి.మీ. సహించండి, రింగులు బోరుకి అలవాటు పడుతున్నాయి. 500 తర్వాత కూడా ఉంటే రింగు విరిగిందో, తలకిందులుగా ఎక్కిందో చూడాలి.

## 14. మొదటి 500 కి.మీ.

వేగం 50 దాటించకండి, అలాగని టాప్ గేరులో 25కి లాగించకండి. రెండోది తేలే బుష్‌కి మరీ చెడ్డది. వేగాన్ని మారుస్తూ నడపండి. పొద్దున్నే ఏడు గంటల్లోపు తిప్పితే మన ఎండకి ఇంజిన్ బతికిపోతుంది. వెనక మనిషిని ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్, తిరుమల ఘాట్ ఎక్కే ఆలోచన ఈ 500 అయ్యాకే.

ఆయిల్ 100 దగ్గర ఒకసారి, 500 దగ్గర ఒకసారి మార్చండి. ప్రతిసారీ దించిన ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టండి. మొదటిసారి సన్నటి బూడిద రంగు పొడి సహజం. వేలికి తగిలే రేకులు, వెండిలా మెరిసే ముక్కలు ఉంటే బిగ్ ఎండ్ బుష్ పోతోంది, బండి అక్కడే ఆపేయండి.

500 దగ్గర హెడ్ నట్లు, టాపెట్లు, పాయింట్ల గ్యాప్, ప్రైమరీ చైన్, ఇంజిన్ ప్లేట్ల బోల్టులు మళ్ళీ చూడండి. తర్వాత మీ పుస్తకంలోని బోరు సైజు, పిస్టన్ వదులు, రింగు గ్యాప్, క్రాంక్ ఊగు, మార్చిన బేరింగ్ నంబర్లు ఒక అట్ట మీద తేదీతో రాసి టూల్ బాక్స్ మూత లోపల అంటించండి. తర్వాతి బోరింగ్‌కి ఎంత లోహం మిగిలి ఉందో మేస్త్రీ మొదట అడిగేది అదే.